మీ పేరులో ‘హెచ్’ ఎక్కువైందండి!

తుఫాను దాటిపోయాక మా కాట్రేనికోన వైపు రెండు వస్తాయండి. కరెంటు వస్తుంది, ఆలస్యంగా. జాబితా వస్తుంది, తప్పులతో.

ఆ మధ్య అలాంటి జాబితా ఒకటి చూశాను. ఏ ఆఫీసు గోడ మీదో చెప్పను. చెబితే తప్పు దిద్దరు, గోడకి సున్నం కొట్టిస్తారు. పైన ఇంగ్లీషులో బండ అక్షరాలతో శీర్షిక: ‘సైక్లోన్ ఎఫెక్టెడ్ పీపుల్’. రెండో మాట మొదట్లో ‘ఏ’ ఉండాలి. ‘ఈ’ పెట్టారు. ‘ఏ’ పెడితే తుఫాను దెబ్బ తిన్నవాళ్లు. ‘ఈ’ పెడితే కథ అడ్డం తిరుగుతుంది. ఆ మాటకి కలిగించడం, పుట్టించడం అని అర్థం. అంటే తుఫాను పుట్టించిన జనం. తుఫాను కన్న బిడ్డలు!

ముందు నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగింది. ఇందులో తప్పేముంది? బలుసుతిప్ప, పల్లం, మగసానితిప్ప అనే పేర్లు వాయుగుండం పట్టిన రోజున తప్ప ఏ సారుకి గుర్తొచ్చాయి? 1996 నవంబరు 6 రాత్రి సముద్రం ఊళ్ల మీద పడి వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాకే కదా బలుసుతిప్ప, భైరవపాలెం ఎక్కడున్నాయో మ్యాపులో వెతికింది? తుఫాను రాకపోతే ఈ జనమే లేరు. కన్నది తుఫానే. పాపం, గుమస్తా చూసుకోక నిజం రాసేశాడు. సర్కారు కాగితంలో నిజం దొర్లడం ఎంత అరుదో మీకు నేను చెప్పాలా?

శీర్షికలో తప్పు వల్ల ఎవరి జీతమూ ఆగలేదు. ఎవరికీ మెమో రాలేదు. అదే జాబితాలో ఒక మామ్మ పేరు మాత్రం ఆగిపోయింది.

ఆవిడ పేరు సత్యవతి అనుకోండి. ఊరికి పదిమంది సత్యవతులు, ఎవరి గుట్టూ బయటపడదు. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. గోదారి నీళ్లు తాగినవాడు కదా, కడుపు కొట్టేటప్పుడు కూడా ‘గారు’ మానడు.

“మామ్మగారూ, మీ పేరులో హెచ్ ఎక్కువైందండి.”

“మా ఇంట్లో అన్నీ తగ్గేగాని హెచ్చెక్కడిది బాబూ?”

ఈ హెచ్చు కథ వినండి. ఇంగ్లీషు బడిలో మన ‘త’కి సీటు లేదు. ‘టీ’ అక్షరం చాలంటాడు ఒకడు. కాదు, పక్కన ‘హెచ్’ ఉండాలంటాడు ఇంకొకడు. సత్యవతిలో ‘త’లు రెండు. ఒక్కో ‘త’కి రెండు దారులు. గుణించండి, నాలుగు. రేషన్ కార్డువాడు ఒక దారిన పోయాడు. ఓటరు కార్డువాడు రెండో దారి. ఆధార్‌వాడు మూడోది. బ్యాంకువాడు మిగిలిన దాన్ని అనాథని చెయ్యడం ఇష్టంలేక దత్తత తీసుకున్నాడు. మామ్మ చేతిలో ఇప్పుడు నాలుగు కార్డులు, నలుగురు ఆడవాళ్లు. నలుగురికీ కలిపి వచ్చే సాయం? సున్నా.

పోనీ, ఆ స్పెల్లింగులు ఆవిడ రాసిందా? ఒక్కటీ రాయలేదు. నాలుగూ రాసింది సర్కారు, బ్యాంకు మనుషులే. తమ చేతి తప్పులు నాలుగూ ఒకదానితో ఒకటి కలవడం లేదని వాళ్లే కనిపెట్టారు. శిక్ష మామ్మకి వేశారు. చమత్కారం ఇంకోటుంది. ఆధార్ కార్డు తీసి చూడండి, ఇంగ్లీషు పేరుతోపాటు తెలుగులో కూడా ఉంటుంది. శుభ్రంగా, గుండ్రంగా, సత్యవతి. తెలుగులో పేరు ఒక్కటే, మనిషీ ఒక్కతే. కానీ పోల్చి చూసేది ఇంగ్లీషునే. ఎందుకండీ? కంప్యూటర్ ఒప్పుకోదట. తెలుగే అధికార భాష అని 1966లో చట్టం చేసుకున్న గడ్డ ఇది! అరవై ఏళ్లలో మనిషి చంద్రుడి మీదికి వెళ్లొచ్చాడు. ‘త’ అక్షరం కాట్రేనికోన కౌంటర్ దాకా రాలేకపోయింది.

తుఫానుకి మాత్రం ఈ బాధ లేదు చూశారా! 2025 అక్టోబరు 28 రాత్రి కోనసీమ తీరాన్ని ఊపేసిన తుఫానుకి థాయిలాండ్ పెట్టిన పేరు ఇంగ్లీషులో వచ్చింది. అందులోనూ అదే ‘టీ’, అదే ‘హెచ్’. ఒక పేపరు మొంథా అంది. ఒకటి మొంతా అంది. ఇంకొకటి మోంథా అని దీర్ఘం తీసింది. పేరు కలవలేదు కదా అని అది తీరం దాటకుండా ఆగిందా? కార్డులు పట్టుకుని లైన్లో నించుందా?

దొరలకీ లేదండి ఈ బాధ. కోరంగిని వాళ్లు ‘కొరింగా’ అని రాసుకున్నారు. ఇప్పటికీ మడ అడవుల బోర్డు మీద అదే పేరు. కాకినాడని ‘కొకనాడా’ చేశారు. ఏటి అవతల ఫ్రెంచివాళ్లు యానాం పేరుని తమ ముక్కుకి తగ్గట్టు వంచుకున్నారు. రాజమహేంద్రవరం సంగతైతే మరీ దారుణం. ‘రాజా’ పక్కన అక్కర్లేని ‘హెచ్’ ఒకటి తగిలించారు. అవును, అదే హెచ్! 2015లో పేరు అధికారికంగా మార్చేదాకా కాగితాల నిండా కాలు మీద కాలేసుకుని కూర్చుంది. దొర చేస్తే అది చరిత్ర. మామ్మకి జరిగితే అది ‘మిస్‌మ్యాచ్’.

దిద్దించుకోవచ్చు కదా అంటారా? ఆయ్, దిద్దించుకోవచ్చు. ఆధార్‌లో పేరు మార్పు జన్మలో రెండు సార్లు. అంతే. మూడోసారి పుణ్యం చేసుకుని మళ్లీ పుట్టాలి. ఈ నిబంధన పెట్టిన వ్యవస్థ తన పేర్లు ఎన్నిసార్లు మార్చుకుంటుందో ఎవరన్నా లెక్కపెట్టారా? అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. విద్యా కానుక పోయి విద్యార్థి మిత్ర వచ్చింది. గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం వచ్చింది. (లంకల గన్నవరం తల్లి పేరు పెట్టినందుకు మా కోనసీమకి సంతోషమే. ఆవిడ వచ్చినవాళ్లకి విస్తరి వేసింది కానీ, స్పెల్లింగ్ అడిగిందని ఎక్కడా వినలేదు.) రైతు భరోసా కేంద్రం రైతు సేవా కేంద్రమైంది. పథకం పేరు మారాలంటే ఒక జీవో, రెండు డబ్బాల రంగు. మామ్మ పేరులో హెచ్ పోవాలంటే గెజిటెడ్ సంతకం, ఆటో ఖర్చు, కూలి పోయిన రోజు.

జీవోల దగ్గరికే వచ్చాం కనక అక్కడే కాసేపు కూర్చుందాం. ఈ రాష్ట్రం పిల్లలకి ఇంగ్లీషు నేర్పుతానని ఎన్నిసార్లు ఒట్టేసిందో తెలుసా? 2008లో సక్సెస్ స్కూళ్లన్నారు. 2017లో మున్సిపల్ బడులన్నారు. 2019 నవంబరు 5న జీవో 81 కొట్టి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం అన్నారు. పదిహేను రోజులు తిరిగేసరికి జీవో 85 కొట్టి ఆరు దాకా చాలన్నారు. చూశారా దిద్దుబాటు ఎంత సుళువో! 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండిటినీ కొట్టేసింది. బడి సంచిలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పెట్టారు. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లిచ్చారు. 2023లో మూడో తరగతి నుంచే టోఫెల్ అన్నారు. ముక్కు తుడుచుకోవడం రాని పిల్లకి టోఫెల్! 2024లో కుర్చీ మారింది. సీబీఎస్‌ఈలోకి ఎక్కించిన వెయ్యి బడులని మళ్లీ రాష్ట్ర బోర్డులోకి దించారు. పిల్లాడి చదువు కాదండీ ఇది, పంటు ప్రయాణం. ఎక్కడమే మన చేతిలో ఉంది, ఏ రేవులో దింపుతారో తెలీదు.

ఈ గోలలో ఒక జంట మాటల పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పారు. ‘ఎమర్జ్’ అంటే పైకి రావడం. ముందున్న ‘ఈ’ తీసేస్తే ‘మెర్జ్’, కలిసిపోవడం. మన బడులు పైకి వస్తాయన్నారు. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతులని పట్టుకెళ్లి హైస్కూళ్లలో కలిపారు. పైకి వచ్చిందేమిటి? చిన్న పిల్లల కాళ్లకి పొక్కులు. ఒక అక్షరం మింగేస్తే ఊరి బడి సగం మాయం.

ఇంగ్లీషు వద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కొబ్బరి దింపేవాడి కూతురికి ఇంగ్లీషు కావాలి. వలేసేవాడి కొడుక్కి ఇంకా కావాలి. వద్దనేది ఎవరో తెలుసా? మైకు పట్టుకుని తెలుగు తల్లికి దండేసి, అదే కారులో మనవణ్ణి ఇంటర్నేషనల్ స్కూల్లో దింపేవాడు. కావాలనేదీ వాడి పక్క కుర్చీవాడే. కాకపోతే మాస్టార్లని మాత్రం వెయ్యడు. గిరీశం నయం కదండీ! వెంకటేశానికి చెప్పింది బూటకపు ఇంగ్లీషే అయినా, మనిషి ఎదురుగా ఉండి చెప్పాడు.

మన రక్తంలో స్పెల్లింగ్ లేదా అంటే ఉంది. 2024లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీలో తెలుగింటి పన్నెండేళ్ల కుర్రాడు బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు. అంతకు ముందు 2002లో ప్రత్యూష్ బుద్ధిగ, 2003లో సాయి గుంటూరి గెలిచారు. వాళ్ల పేర్లకి మాత్రం మన కౌంటర్లో ఎన్ని స్పెల్లింగులు పుడతాయో ఊహించుకోండి.

పెద్దవాళ్ల స్పెల్లింగ్ ఎలా ఉంటుందో కూడా అమెరికానే చూపించింది. 1992 జూన్ 15న ట్రెంటన్ అనే ఊళ్లో ఒక బడికి ఆ దేశ ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ వెళ్లాడు. పన్నెండేళ్ల పిల్లాడు బోర్డు మీద బంగాళదుంపకి ఇంగ్లీషు మాట సరిగ్గా రాశాడు. ఏలినవారు వెనకాల నిలబడి, ఇంకో అక్షరం ఉండాలి బాబూ అన్నారు. పిల్లాడు చివర ఒక ‘ఈ’ చేర్చాడు. ఒప్పు కాస్తా తప్పయింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు! ఆయన చేతిలో ఉన్న అట్టముక్క మీదే తప్పు రాసి ఉందట. దేశం మారింది గాని నాటకం మారలేదు. పైవాడి అట్టముక్క తప్పు. కిందివాడు దిద్దుకోవాలి.

ఇక మన ఆఫీసు నిఘంటువు తెరుద్దాం. ‘స్టేషనరీ’ అని రెండు మాటలున్నాయి. తెలుగులో రాస్తే తేడాయే తెలీదు. ఇంగ్లీషులో ఒకచోట ‘ఈ’ ఉంటే కాగితాలు, కలాలు. అక్కడే ‘ఏ’ ఉంటే కదలనిది. రెండూ ఒకే తల్లి పిల్లలు. పూర్వం ఊరూరా తిరిగి అమ్మేవాళ్ల మధ్య ఒకచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలమ్మేవాణ్ణి స్టేషనర్ అన్నారు, అంటే ఉన్నచోటే ఉండేవాడని. ఇంగ్లీషువాడు ఈ కవలల్ని విడదీశాడు. మన ఆఫీసులు మళ్లీ కలిపాయి. కాగితం ఉంటుంది. కదలదు. ఒకే ఫైల్లో రెండు స్పెల్లింగులూ!

‘ప్రిన్సిపల్’ కూడా అలాంటి జంటే. తోక ఒకలా ఉంటే బడి పెద్ద, అప్పులో అసలు కూడా అదే. తోక ఇంకోలా ఉంటే సూత్రం. మన పాలకులు దేనికైనా ముందు ‘సూత్రప్రాయంగా అంగీకారం’ ఇస్తారు. మర్నాడు ఫ్లెక్సీ కడతాం. పాలాభిషేకం చేస్తాం. సూత్రం వచ్చిందండీ, మరి అసలో? అప్పిచ్చినవాడికీ ఓటిచ్చినవాడికీ ఒకటే గతి. అసలు గల్లంతు.

‘టెయిల్’ అంటే తోక. స్పెల్లింగ్ కాస్త కదిపితే ‘టేల్’, కథ. మా వైపు పొలాలు కాలువకి తోక. టెయిల్ ఎండ్ అంటారు. నీళ్లు వదిలాం అని పైనుంచి కథ వస్తుంది. నీళ్లు రావు. ముంచే నీళ్లు మాత్రం పిలవకుండా వస్తాయి, మురుగు కాలవల్లో పూడిక తీస్తే కదా దిగేది? 2011లో కడుపు మండి కోనసీమ రైతు సార్వా మానేశాడు. క్రాప్ హాలిడే అన్నారు దాన్ని. దేశమంతా వింతగా చూసింది. సర్కారు మోహన్ కందా కమిటీ వేసింది. నివేదిక వచ్చింది. సెలవు పెట్టింది రైతు. విశ్రాంతి తీసుకుంది నివేదిక.

వరి కాదని రొయ్య పట్టుకున్నవాడికి ఇంకో పాఠం. ‘ప్రాన్’ అంటే రొయ్య. అందులోంచి ‘ఆర్’ ఎగిరిపోతే ‘పాన్’, తాకట్టు. చెరువు గట్టు మీద నించున్నవాడికి ఈ తేడా ఏ టోఫెలూ నేర్పక్కర్లేదు. వైట్ స్పాట్ తెగులు సోకిన రాత్రి ఆర్ పోతుంది. తెల్లారేసరికి ఇంటావిడ మెళ్లో గొలుసు పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ఒంటి మీద వైట్ స్పాట్ కూడా అక్కర్లేకపోయింది.

‘స్టాట్యూ’ అంటే విగ్రహం. మధ్యలో ఒక్క ‘టీ’ పెడితే ‘స్టాట్యూట్’, చట్టం. అంతే తేడా, ఒక్క టీ! ఏ సెంటర్లో చూసినా మొదటిది దొరుకుతుంది. రెండోది కావాలంటే ఆఫీసుకి రమ్మంటారు, వెళితే సారు టీకి వెళ్లారంటారు.

ఇక ‘కాస్ట్’. నవ్వుతూ చెప్పుకోవడానికి కాస్త కష్టం. కులం అనే ఇంగ్లీషు మాటకి చివర ‘ఈ’ ఉంటుంది. ఆ ‘ఈ’ పోతే నాటకంలో తారాగణం. అక్షరం ఒకటి మారితే ఖర్చు. మూడింటినీ తెలుగులో ఒకేలా పలుకుతాం, ఒకేలా వాడతాం. ఎన్నికలొస్తే కాస్ట్ చూసి కాస్ట్‌ని ఎంపిక చేస్తారు, కాస్ట్ కోట్లలో. ధ్రువపత్రాల మీద మొదటిదానికి బదులు రెండోది రాసేస్తే ఎవడూ పట్టించుకోడు, ఎలాగూ అందరం వేషాలేసేవాళ్లమే. ఆ చివరి ‘ఈ’ని సైలెంట్ అక్షరం అంటారు ఇంగ్లీషు మాస్టార్లు. అమలాపురం రమ్మనండి వాళ్లని. జిల్లా పేరు ముందు అంబేడ్కర్ పేరు చేరుస్తామన్నందుకు 2022 మే 24న అక్కడ మంత్రి ఇల్లు తగలబడింది, ఎమ్మెల్యే ఇల్లు తగలబడింది. ఆ రోజు ఆ అక్షరం ఎంత సైలెంట్‌గా ఉందో అడిగి రమ్మనండి.

ఇన్ని స్పెల్లింగుల గొడవలో మన తెలుగైనా మిగిలిందా? టీవీలో యాంకరమ్మ ‘కళాశాల’ని ‘కలాశాల’ అంటుంది. పిల్లాడు ‘కళ’ రాయమంటే ‘కల’ రాస్తాడు. తప్పేం లేదు లెండి. చేతికందని చదువు కలే కదా.

అక్షరానికి విలువ కట్టే చోటు భూమ్మీద ఎక్కడా లేదా? ఉంది. బ్రిటన్‌లో కంపెనీల లెక్కలు రాసే సర్కారీ ఆఫీసు 2009లో ఒక్క ‘ఎస్’ ఎక్కువ రాసింది. మూతపడుతున్నది ‘టేలర్ అండ్ సన్’ అయితే, రికార్డులో ‘టేలర్ అండ్ సన్స్’ అని పడింది. సన్స్ వాళ్లది కార్డిఫ్‌లో 124 ఏళ్ల కంపెనీ. 250 మందికి ఉద్యోగం. దివాలా అనగానే సరుకిచ్చేవాళ్లు సరుకాపారు, బ్యాంకు అప్పాపింది. నిజంగానే కూలిపోయింది. యజమాని కోర్టుకెక్కాడు. తప్పు మీదే, బాధ్యత మీదే అని 2015 జనవరిలో హైకోర్టు ఆ ఆఫీసుకి తేల్చి చెప్పింది. ఆయన అడిగిన నష్టం దాదాపు 88 లక్షల పౌండ్లు. ఒక్క ఎస్‌కి!

సత్యవతి మామ్మ హెచ్‌కి ఎంతిప్పిస్తారండి? ఆవిడే ఇవ్వాలి. దిద్దుబాటుకి 75 రూపాయలు రుసుము. పైన జెరాక్సులు, ఫోటో, రానూపోనూ ఆటో. నాలుగు కార్డులని కౌంటర్ మీద పరిచి, “ఇందులో నేనెవర్ని బాబూ?” అని అడిగింది ఆవిడ. కుర్రాడు తల దించుకుని, “ఫారం నింపాలండి మామ్మగారూ” అన్నాడు. నింపడానికి నన్ను కూర్చోబెట్టారు.

ఫారం పైన అచ్చులో శీర్షిక చూశాను. దిద్దుబాటు కనక ‘నేమ్ కరెక్షన్’ ఉండాలి. రెండు ‘ఆర్’ల చోట రెండు ‘ఎల్’లు పడ్డాయి. ‘నేమ్ కలెక్షన్’.

కలం తీశాను గాని, దాన్ని మాత్రం దిద్దబుద్ధి కాలేదు.